చదరంగ పరిశీలనకు కంప్యూటరు: స్వల్పవ్యయముతో ఎన్నుకొను విధము

చదరంగము మన దేశమున పుట్టి, పారసీక, అరబ్బు దేశముల మీదుగా ఐరోపాఖండమునకు వ్యాపించిన క్రీడ యని పండితులు చెప్పుదురు. పూర్వము దీనికి చతురంగమని పేరు. రథములు, గజములు, తురగములు, పదాతులు అను నాలుగంగములు గల సేనను బట్టి యీ పేరు వచ్చినది. ఈ క్రీడను నేర్చువారికి పూర్వము గురువును, గ్రంథమును మాత్రమే సహాయములు. నేడు వానితోపాటు కంప్యూటరు కూడ చేరినది. ఆడిన ఆటను కంప్యూటరునకు చూపినచో ఏ యెత్తున పొరపాటు జరిగినదో, దానికి బదులుగా ఏది వేయవలసి యుండెనో అది తెలుపును.

పోటీలకు పోవు బాలబాలికలు ఇట్టి యంత్రము కావలెనని తల్లిదండ్రులను కోరుట సహజము. తండ్రి పట్టణమునకు పోయి దుకాణదారు నడుగును. చదరంగము కూడ ఆటయే కదా యని యతడు కంప్యూటరు ఆటల కొఱకు చేసిన ఖరీదైన యంత్రమును చూపును. మామిడితోట మీదనో మిరపపైరు మీదనో వచ్చిన సొమ్ము, మఱుసటి యేటి పెట్టుబడికై దాచినది, దానికి వ్యయమగును. ఆ ధరలో పెద్దభాగము చదరంగ పరిశీలనకు ఏ మాత్రము తోడ్పడని యొక భాగమునకు పోవుచున్నదని ఆ తండ్రికి చెప్పువారు లేరు. కావున ఈ యంత్రమునందు ఏ భాగము ఏ పని చేయునో, దేనికి ధనము వెచ్చింపవలయునో, దేనికి వెచ్చింపరాదో ఈ పాఠమున వివరింపబడుచున్నది.

1. ఇంజను అనగా నేమి?

చదరంగమును పరిశీలించు ప్రోగ్రామునకు ఇంజను అని పేరు. ఇది లోహముతో చేసిన యంత్రము కాదు. కంప్యూటరుచే నడుపబడు ఆజ్ఞల సముదాయము. పలకమీది స్థితిని దానికి తెలిపినచో అది రెండు పనులు చేయును. మొదటిది వెదకుట, రెండవది విలువ కట్టుట.

ముందుగా వెదకుటను గూర్చి తెలిసికొందము. చదరంగమున ఒక స్థితియందు ఆడదగిన యెత్తులు సగటున 35 వఱకు ఉండును. ఒక్కొక్క దానికి ఎదుటివాడు మరల 35 విధములుగా ప్రత్యుత్తర మీయవచ్చును. కావున ఇరువురును ఒక్కొక్క యెత్తు వేయునప్పటికి 1,225 మార్గములును, ఇరువురును రెండేసి యెత్తులు వేయునప్పటికి 15,00,625 మార్గములును ఏర్పడును. అమెరికా శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ 1950లో ప్రకటించిన వ్యాసమున ఈ విధమైన లెక్కయే చేసి, అన్ని మార్గములను తుదివఱకు చూచుట యే యంత్రమునకును సాధ్యము కాదని నిరూపించెను.

అందుచేత ఇంజను అన్ని మార్గములను చూడదు. ఒక యెత్తు వేసినచో ఎదుటివాడు మన మంత్రిని ఊరక కొట్టగలడని తెలిసినప్పుడు, అతని తక్కిన ప్రత్యుత్తరములను చూడ నవసరము లేదు కదా! ఆ కొమ్మను అంతటితో నరికివేయవచ్చును. ఇట్లు పనికిరాని కొమ్మలను నరకుచు పోవుటయే ఇంజను యొక్క ముఖ్యమైన నేర్పు.

ఇక విలువ కట్టుట. వెదకుచు వెదకుచు ఒకచోట ఆగినప్పుడు, అచ్చటి స్థితి మేలైనదో కాదో నిర్ణయింపవలయును. పూర్వపు ఇంజనులు బంటునకు 1, గుఱ్ఱమునకు 3, శకటునకు 3, ఏనుగునకు 5, మంత్రికి 9 అను లెక్కతో ప్రారంభించి, మనుష్యులు వ్రాసిన సూత్రముల ననుసరించి విలువ కట్టెడివి. జపానుదేశమున షోగీ యను చదరంగము కలదు. దాని కొఱకు యూ నాసు అనునతడు 2018లో ఒక క్రొత్త పద్ధతిని కనిపెట్టెను. కోట్లకొలది స్థితులనుండి తానే నేర్చుకొనిన యొక చిన్న న్యూరల్ నెట్‌వర్కుచేత విలువ కట్టించుటయే ఆ పద్ధతి. దీనిని ఎన్.ఎన్.యు.ఇ. అందురు. సామాన్యమైన ప్రాసెసరు మీదనే ఇది వేగముగా పనిచేయుట దీని విశేషము. 2020 సెప్టెంబరులో వెలువడిన స్టాక్‌ఫిష్ 12వ కూర్పు ఈ పద్ధతిని స్వీకరించినది.

స్టాక్‌ఫిష్ నేటి ఇంజనులలో మిక్కిలి బలమైన వానిలో నొకటి. నార్వేదేశస్థుడు టోర్డ్ రోమ్‌స్టాడ్ వ్రాసిన గ్లౌరంగ్ అను ప్రోగ్రామును ఆధారముగా గొని, ఇటలీదేశస్థుడు మార్కో కోస్టాల్బా 2008లో దీనిని ప్రారంభించెను. నాటినుండి అనేకులు వేతనము లేక దీనిని వృద్ధిచేయుచున్నారు. దీనికి మూల్యము లేదు. ఎవరైనను తెచ్చుకొని వాడుకొనవచ్చును. కావున ప్రోగ్రామునకు ఒక్క రూపాయియు వెచ్చింప నక్కరలేదని తల్లిదండ్రులు ముందుగా గ్రహింపవలయును. వెచ్చింపవలసినది యంత్రమునకు మాత్రమే.

2. రెట్టింపు వేగమునకు ఫలమెంత?

రెట్టింపు వేగము గల యంత్రము రెట్టింపు మేలు చేయునని మనకు తోచును. చదరంగమున అట్లు కాదు. దీనిని తెలిసికొనుటకు చదరంగపు పలకను గూర్చిన ప్రసిద్ధమైన కథయే చాలును. ఒక రాజు ఈ క్రీడను కనిపెట్టినవానిని మెచ్చి వరము కోరుమనగా, అతడు మొదటి గడికి ఒక గింజ, రెండవ గడికి రెండు, మూడవ గడికి నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టింపు చేయుచు 64 గళ్లకు ధాన్యము నిమ్మని కోరెనట. రాజు నవ్వి అంగీకరించెను. లెక్క వేయించి చూడగా 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు కావలసి వచ్చెను. రాజ్యమందలి గాదెలన్నియు చాలలేదు.

ఇంజనుకు ఎత్తుల లోతు ఆ గళ్లవంటిది. ప్రాసెసరు వేగము ఆ గింజలవంటిది. కొమ్మలను ఎంత నేర్పుతో నరికినను, ఒక్క యెత్తు అదనముగా లోతునకు పోవుటకు సుమారు రెట్టింపు పని పట్టునని స్థూలముగా లెక్కింపవచ్చును. ఇచ్చట ఎత్తు అనగా ఒక పక్షము వేయు ఒక్క కదలిక. ఈ లెక్కనుబట్టి వేగము రెట్టింపైనచో లోతు ఒక్క యెత్తు పెరుగును. నాలుగు రెట్లైనచో రెండెత్తులు, ఎనిమిది రెట్లైనచో మూడెత్తులు పెరుగును. ఒక యంత్రము 25 ఎత్తుల లోతు చూచు కాలములో ఎనిమిది రెట్ల వేగము గల యంత్రము 28 ఎత్తులు చూచును. ఈ మూడెత్తుల తేడా ప్రపంచ విజేతృత్వమునకు పోరాడువానికి అక్కఱకు రావచ్చును. మూడవ యెత్తున గుఱ్ఱమును పోగొట్టుకొను విద్యార్థికి దానితో పనిలేదు. అతని తప్పును ఏ యంత్రమైనను రెప్పపాటులో చూపగలదు.

ఇందులో మఱియొక సత్యము కూడ కలదు. వేగమునకు బదులు కాలము నీయవచ్చును. వేగముగల యంత్రము ఒక నిమిషమున చేయు పనిని, నాలుగవవంతు వేగము గల యంత్రము నాలుగు నిమిషములలో చేయును. ఫలమునందు చెప్పదగిన భేదము లేదు. ఆట 40 ఎత్తుల వఱకు సాగినదనుకొందము. ఇరుపక్షములకు కలిపి 80 స్థితులగును. ఒక్కొక్క దానికి 10 సెకండ్లు ఇచ్చినచో 800 సెకండ్లు, అనగా 13 నిమిషముల 20 సెకండ్లలో ఆట అంతయు పరిశీలింపబడును. రాత్రి పరుండబోవునపుడు ఒక్కొక్క స్థితికి 6 నిమిషముల చొప్పున నియమించినచో తెల్లవారునప్పటికి, అనగా 8 గంటలలో, అంతయు సిద్ధమై యుండును. ఓర్పు గలవానికి ధనము మిగులును.

3. చరిత్రలోని నిదర్శనములు

వేగమొక్కటే ప్రధానము కాదనుటకు చరిత్రలో నిదర్శనములు కలవు. 1997 మే నెలలో న్యూయార్కు నగరమున ఐ.బి.యం. కంపెనీవారి డీప్ బ్లూ అను యంత్రము, నాటి ప్రపంచవిజేత గారీ కాస్పరోవును 3½–2½ తేడాతో ఓడించెను. ఆ యంత్రమునందు చదరంగము కొఱకే ప్రత్యేకముగా చేయబడిన 480 చిప్పులు ఉండెను. అది సెకండునకు సుమారు 20 కోట్ల స్థితులను పరిశీలించెడిది. నేడు మన యిండ్లలో నుండు సామాన్యమైన కంప్యూటరుమీద స్టాక్‌ఫిష్ సెకండునకు కొన్ని పదుల లక్షల స్థితులను మాత్రమే చూచును. అయినను ఆట బలమునందు డీప్ బ్లూ దీనికి సాటిరాదు. విలువ కట్టు తెలివియు, కొమ్మలను నరకు నేర్పును పెరుగుటయే దీనికి కారణము. ఆ తెలివి మనకు ఉచితముగా లభించు ప్రోగ్రాములో నున్నది; దుకాణములో కొనునది కాదు.

ఆ 1997వ సంవత్సరముననే కృష్ణాజిల్లా గుడివాడలో పుట్టిన కోనేరు హంపి పదేండ్లలోపు బాలికల ప్రపంచపోటీలో విజయము పొందెను. నాడు మన పెనుగొలను కూడ కృష్ణాజిల్లాలోనిదే, 2022లో ఎన్.టి.ఆర్. జిల్లా యేర్పడినప్పుడు అందు చేరినది. హంపికి గురువు ఆమె తండ్రి అశోక్ గారే. 2002లో ఆమె గ్రాండుమాస్టరు పదవి నందెను. అంతకు ముందు 2001లో గుంటూరునకు చెందిన పెంటేల హరికృష్ణ ఆ పదవి నందెను. ఇండ్లలో వాడు కంప్యూటరులకు రెండు కోరుల ప్రాసెసరులు 2005లో గాని రాలేదు. అనగా వీరిరువురు ఆ స్థాయికి ఎదిగిన దినములలో ఇంటి యంత్రములు ఒంటికోరు యంత్రములే. నేడు మన చేతిలోని ఫోను వానికంటె మిక్కిలి బలమైనది. హంపి అనంతరము 2019లోను, మరల 2024లోను ప్రపంచ ర్యాపిడ్ చదరంగ విజేత యయ్యెను.

చెన్నపట్టణమున తెలుగు కుటుంబమున పుట్టిన దొమ్మరాజు గుకేష్ 2024 డిసెంబరు 12వ తేదీన సింగపూరులో ప్రపంచవిజేత యయ్యెను. అతనికి బాల్యమున శిక్షణ మిచ్చిన విష్ణుప్రసన్న గారు, గ్రాండుమాస్టరు స్థాయి వచ్చువఱకు ఆ బాలునకు ఇంజను జోలికి పోనీయక, స్వయముగా ఎత్తులను లెక్కించుటయే అలవాటు చేయించిరి. గుకేష్ 2019 జనవరిలో, పండ్రెండేండ్ల ప్రాయమున గ్రాండుమాస్టరు అయ్యెను. యంత్రము లేనందున తమ బిడ్డ వెనుకబడునని దిగులుపడు తల్లిదండ్రులకు ఇంతకంటె ధైర్యము చెప్పు నిదర్శనము అక్కరలేదు.

4. యంత్రభాగములు

ప్రాసెసరు: పరిశీలన యంతయు చేయునది యిదియే. ఒక ప్రాసెసరులో కొన్ని కోరులుండును. ఒక్కొక్క కోరు ఒక్కొక్క పనివానివంటిది. కోరులు రెట్టింపైనచో వేగమును ఇంచుమించుగా రెట్టింపగును. అయినను పనివారెక్కువైనచో ఒకరు చేసిన పనిని మఱియొకరు మరల చేయుట కొంత తప్పదు. అందుచేత ఫలము పూర్తిగా రెట్టింపు కాదు. విద్యార్థికి నాలుగు కోరులు చాలును. ఆరు కోరులున్నచో సమృద్ధి.

కోరుల సంఖ్య యొక్కటే చూడరాదు. ప్రాసెసరునకు ఏ.వి.ఎక్స్.2 అను ఆజ్ఞలు తెలిసియుండవలయును. న్యూరల్ నెట్‌వర్కు చేయు కూడికలను గుణకారములను ఒకటొకటిగా గాక, గుంపులుగా ఒక్కసారి చేయుటకు ఇవి యుపయోగపడును. ఇంటెల్ కంపెనీవారి కోర్ ఐ3, ఐ5, ఐ7 ప్రాసెసరులలో 2013లో వచ్చిన నాల్గవ తరము మొదలు ఇవి కలవు. ఏ.యం.డి. కంపెనీవారి రైజెన్ ప్రాసెసరులన్నింటియందును కలవు. చాలకాలము వఱకు అగ్గువ పెంటియం, సెలెరాన్ ప్రాసెసరులలో ఈ యాజ్ఞలు లేకుండెను. కావున పేరుచూచి మోసపోరాదు.

పాత యంత్రమును కొనువారు ఇంటెల్ ఎనిమిదవ తరమును గుర్తుంచుకొనవలయును. బల్లమీద నుంచు కంప్యూటరులలో ఏడవ తరము వఱకు కోర్ ఐ5 సాధారణముగా నాలుగు కోరులదే. 2017లో ప్రారంభమైన ఎనిమిదవ తరమున అది ఆరు కోరులదైనది. కార్యాలయములవారు క్రొత్తవి కొనుక్కొని పాతవానిని అమ్మివేయునపుడు ఇట్టి యంత్రములు తక్కువ ధరకు దొరకును. విండోస్ 10కి ఉచిత సహాయము 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. విండోస్ 11 నడుచుటకు ఇంటెల్ ఎనిమిదవ తరము మొదలైన ప్రాసెసరులు అర్హములు గాన, ఇది రెండవ లాభము. అంతకంటె పాత యంత్రము ఇంట నున్నచో దానిని పారవేయ నక్కరలేదు. ఉచితముగా లభించు లినక్సును అందు ఎక్కించి వాడుకొనవచ్చును.

గ్రాఫిక్సు కార్డు: పైన చెప్పిన పనికిరాని భాగ మిదియే. కంప్యూటరు ఆటలలో బొమ్మలను వేగముగా గీయుటకు దీనిని చేసిరి. ఆటల యంత్రముల ధరలో ఎక్కువ భాగము దీనిదే. స్టాక్‌ఫిష్ ఈ కార్డును తాకనైన తాకదు. ఎంత విలువైన కార్డునైనను పెట్టి చూడుడు, స్టాక్‌ఫిష్ వేగము పిసరంతయు పెరుగదు. 2018లో ప్రారంభమైన లీలా చెస్ జీరో అను మఱియొక ఇంజను కలదు. దాని న్యూరల్ నెట్‌వర్కు పెద్దది గాన దానికి ఈ కార్డు కావలయును. రెండు విధములైన ఇంజనుల యభిప్రాయములను పోల్చిచూచుట వృత్తిగా ఆడువారికి అవసరము కావచ్చును. పాఠశాల విద్యార్థికి అవసరము లేదు. ఒక్క జాగ్రత్త మాత్రము వహింపవలయును. కొన్ని ప్రాసెసరులలో తెరమీద బొమ్మ చూపు భాగము లోపలనే యుండును, కొన్నింటిలో నుండదు. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అను అక్షరమున్నచో ఆ భాగము లేదని యర్థము. అట్టిదానిని కొన్నచో వేఱుగా కార్డు కొనక తప్పదు. లోపలనే ఆ భాగము గల ప్రాసెసరును అడిగి కొనుట మేలు.

మెమొరీ: ఇంజను తాను చూచిన స్థితుల ఫలితములను ఒక పట్టికలో వ్రాసి యుంచుకొనును. వేఱు మార్గమున మరల అదే స్థితి వచ్చినచో శ్రమ పడక ఆ పట్టికను చూచుకొనును. దీనిని హాష్ అందురు. కొద్ది నిమిషముల పరిశీలనకు 512 మెగాబైట్లు గాని ఒక గిగాబైటు గాని చాలును. రాత్రియంతయు నడుపువారు మఱికొంత యీయవచ్చును. యంత్రమున మొత్తము 8 గిగాబైట్ల మెమొరీ యున్నచో విద్యార్థికి ఏ లోటును ఉండదు. 32 గిగాబైట్లు కొనుట వ్యర్థము.

డిస్కు: ఇంజను స్వయముగా చాల చిన్నది. డిస్కుతో పని పడునది ఆట చివరి పట్టికల విషయమున మాత్రమే. పలకమీద పావులు కొన్నియే మిగిలినప్పుడు, ఆ స్థితులన్నింటికి ఫలితమును ముందుగానే లెక్కించి యుంచిన పట్టికలు కలవు. రోనాల్డ్ డి మాన్ 2013లో ప్రకటించిన సిజిజీ పట్టికలు వీనిలో ప్రసిద్ధములు. రాజులతో కలిపి ఐదు పావుల వఱకు గల పట్టికలు సుమారు ఒక గిగాబైటు స్థలమున ఇముడును. ఆరు పావులవి సుమారు 150 గిగాబైట్లు. ఏడు పావులవి సుమారు 17 టెరాబైట్లు, అనగా 17 వేల గిగాబైట్ల వఱకు. గింజల కథ ఇచ్చట మరల కనబడుచున్నది గదా! ఐదు పావుల పట్టికలను ఇంట నుంచుకొని, అంతకు మించినవి కావలసినప్పుడు ఇంటర్నెట్టున ఉచితముగా చూచుకొనుట ఉత్తమము. 256 గిగాబైట్ల ఎస్.ఎస్.డి. ఒక్కటి అన్నింటికిని చాలును.

వేడిమి, విద్యుత్తు: ఇంజను నడుచునప్పుడు ప్రాసెసరు విరామము లేక పనిచేసి వేడెక్కును. వేడిమి హద్దు మీరినచో తన్ను తాను కాపాడుకొనుటకై అది వేగమును తగ్గించుకొనును. పలుచని ల్యాపుటాపులలో ఈ చిక్కు ఎక్కువ. తిరువూరు ప్రాంతపు వేసవియెండలలో గాలి సోకని గదియందు ఇది మఱింత యధికము. గంటలకొలది పరిశీలన చేయదలచినవారికి బల్లమీది కంప్యూటరే మేలు. దానిని నేలమీద నుంచక ఎత్తుగా నుంచి, ఫ్యానులోని దుమ్మును అప్పుడప్పుడు తుడువవలయును. కరెంటు తఱుచుగా పోవు గ్రామములయందు బల్లమీది కంప్యూటరునకు యు.పి.యస్. కూడ కొనవలసివచ్చును, ల్యాపుటాపునకు తన బ్యాటరీయే ఆధారము. ఈ భేదమును ధరలో కలుపుకొనవలయును. ఇక కరెంటు ఖర్చు. 100 వాట్లు వాడు యంత్రము 10 గంటలు నడచినచో ఒక యూనిటు అగును. ఒక రాత్రి 8 గంటలకు 0.8 యూనిటు. గ్రాఫిక్సు కార్డుతో 350 వాట్లు వాడు యంత్రమునకు అదే కాలమున 2.8 యూనిట్లు. కొనునాటి ధరతో వ్యయము ముగియదని దీనివలన తెలియుచున్నది.

5. కొనుటకు ముందు చేయవలసినది

క్రొత్త యంత్రమును గూర్చి ఆలోచింపక ముందు ఉన్న యంత్రమును సరిగా వాడుచున్నామా యని చూచుకొనవలయును. స్టాక్‌ఫిష్‌ను తెచ్చుకొని యథాతథముగా నడిపినచో అది ఒక్క కోరును, 16 మెగాబైట్ల హాష్‌ను మాత్రమే వాడును. ఆరుగురు పనివారిని పెట్టుకొని ఒక్కనిచేతనే పని చేయించుట వంటిది యిది. పలకను చూపు ప్రోగ్రామునందు థ్రెడ్లు అను చోట మన కోరుల సంఖ్యను, హాష్ అను చోట 512 గాని 1024 గాని వ్రాసినచో, రూపాయి ఖర్చు లేకయే వేగము కొన్ని రెట్లు పెరుగును. ప్రాసెసరునకు తగిన కూర్పును, అనగా ఏ.వి.ఎక్స్.2 గలవారు ఆ పేరు గల కూర్పునే, తెచ్చుకొనవలయును. ఈ మూడు దిద్దుబాటులు చేసిన పిదప పాత యంత్రమే చాలునని పలువురకు తెలియవచ్చును.

కంప్యూటరు లేనివారు విచారింప నక్కరలేదు. ఆండ్రాయిడ్ ఫోనులో డ్రాయిడ్‌ఫిష్ అను ఉచిత ప్రోగ్రాము స్టాక్‌ఫిష్‌ను నడుపును. 2010లో ఫ్రాన్సుదేశస్థుడు తిబో డుప్లెసీ స్థాపించిన లీచెస్‌లో ఆటను ఉచితముగా పరిశీలింపజేసికొనవచ్చును. పాఠశాల కంప్యూటరు గదిలోని యంత్రములు సాయంకాలము ఖాళీగా నున్నచో, చదరంగము నేర్చు పిల్లలందఱకు అందులో నొకటి చాలును. పదిమంది తండ్రులు పది యంత్రములు కొనుటకంటె, అందఱు కలిసి ఒకదానిని బాగుచేయించుట మేలు.

6. కొనునప్పుడు పరీక్షించు విధము

సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడు సెంటరు వంటి కంప్యూటరు అంగళ్లలో గాని, సమీప పట్టణములలో గాని పాత యంత్రమును కొనువారు స్టాక్‌ఫిష్‌ను ఒక పెన్‌డ్రైవులో వెంట తీసికొని పోవలయును. దుకాణదారుని అనుమతితో దానిని తెఱచి, బెంచ్ అను ఆజ్ఞ నిచ్చినచో కొలదిసేపటిలో అది సెకండునకు ఎన్ని స్థితులను చూచినదో తెలుపును. ఊరక బెంచ్ అనినచో ఒక్క కోరు లెక్కయే వచ్చును. ఆరు కోరులు గల యంత్రమున బెంచ్ 128 6 16 అని వ్రాసినచో, అనగా హాష్, థ్రెడ్లు, లోతు వరుసగా చెప్పినచో, అన్ని కోరుల లెక్క వచ్చును. యంత్రమును పావుగంట నడిపి మరల పరీక్షింపవలయును. రెండవమారు అంకె మిక్కిలి తగ్గినచో వేడిమి దోషమున్నదని గ్రహింపవలయును.

ఈ యంకెను ధరచే భాగించినచో రూపాయికెంత పని వచ్చునో తేలును. ధరలు తఱుచు మారుచుండును గనుక లెక్క నేర్చుకొనుట కొఱకు మాత్రము ఈ క్రింది యంకెలను ఊహించుకొందము.

మొదటి యంత్రము: ధర 20,000 రూపాయలు, సెకండునకు 30 లక్షల స్థితులు, రూపాయికి 150.

రెండవ యంత్రము: ధర 45,000 రూపాయలు, సెకండునకు 60 లక్షల స్థితులు, రూపాయికి సుమారు 133.

మూడవ యంత్రము: గ్రాఫిక్సు కార్డుతో ధర 1,20,000 రూపాయలు, సెకండునకు 80 లక్షల స్థితులు, రూపాయికి సుమారు 67.

రెండవ యంత్రము మొదటిదానికంటె 25,000 రూపాయలు అధికము. దాని వలన వచ్చునది ఒక్క యెత్తు లోతు. మూడవది మొదటిదానికంటె లక్ష రూపాయలు అధికము. దానివలన ఒకటిన్నర యెత్తుల లోతు కూడ రాదు. మొదటి యంత్రముతోనే ఒక్క నిమిషమునకు బదులు రెండు నిమిషములు వేచియున్నచో రెండవదాని ఫలము చేతికి వచ్చును. ఆ నిమిషము విలువ 25,000 రూపాయలా యని యెవరికి వారు ప్రశ్నించుకొనవలయును.

7. యంత్రమును వాడు విధము

ఎంత మంచి యంత్రమైనను వాడుట తెలియనివానికి హాని చేయును. ఆట ముగియగానే ఇంజనును తెఱచి, అది చూపిన యెత్తును చూచి తలయూచుట చదువు కాదు. జవాబుల పుట చూచి లెక్కలు చేసినవాని గతియే వానికిని పట్టును. ముందుగా ఆటను ఒంటరిగా గాని, ఎదుట ఆడినవానితో గాని పలకమీద మరల ఆడి, ఎచ్చట ఏమి తలచితిమో నోటు పుస్తకమున వ్రాసికొనవలయును. ఆ పిదప ఇంజను చెప్పినదానితో పోల్చవలయును. ఇరువురి యభిప్రాయము వేఱైన చోటనే విద్య యున్నది. ఇంజను మంచిదన్న యెత్తు ఎందుకు మంచిదో అర్థము కానిచో, మనకు తోచిన ప్రత్యుత్తరమును పలకమీద వేసి, దానిని ఇంజను ఎట్లు ఖండించునో చూడవలయును.

ఇంజను చూపు అంకెలను గూర్చి కూడ ఒక మాట. 2022 డిసెంబరులో వచ్చిన స్టాక్‌ఫిష్ 15.1వ కూర్పు మొదలుకొని, +1 అనగా ఒక బంటు లాభమని కాదు. సమానబలులైన ఇంజనుల నడుమ తెల్లపావులవానికి గెలుపునకు సగము అవకాశమున్నదని యర్థము. 0.2, 0.3 వంటి చిన్న భేదములను చూచి విద్యార్థులు కలవరపడరాదు.

పోటీ జరుగుచుండగా ఇంజను సహాయము పొందుట దొంగతనమే. చేతిఫోనును ఆటస్థలమునకు తెచ్చుట నిషిద్ధము. ఇంటర్నెట్టున ఆడునప్పుడు చూచువారు లేరు గదా యని ఇంజనును అడుగువాడు ఎదుటివానినే గాక తన్ను తాను మోసగించుకొనుచున్నాడు. అట్లు గెలిచిన ఆటవలన వానికి వచ్చిన విద్య శూన్యము.

8. ముగింపు

గోపురము కట్టబూనినవాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలసిన యుపమానము మన విద్యార్థు లెఱిగినదే. ఈ విషయమునను అట్లే చేయుదము. మొదట చేయవలసిన వ్యయము మంచి పలక, పావులు, గడియారము. రెండవది పోటీలకు పోయి వచ్చుటకగు దారిఖర్చు. ఎదుట మనుష్యుడు లేనిదే ఆట రాదు. మూడవది యంత్రము. అది ఉన్న ఫోను గాని, పాఠశాల కంప్యూటరు గాని, ఆరు కోరుల పాత కంప్యూటరు గాని కావచ్చును. గ్రాఫిక్సు కార్డునకు ఈ పట్టికలో చోటు లేదు.

తల్లిదండ్రులారా, బిడ్డ కోరినదానిని ఇయ్యలేకపోతిమని చింతింపకుడు, అప్పుచేసి కొనకుడు. విద్యార్థులారా, యంత్రము వేగమును తండ్రి సొమ్ముతో కొనవచ్చును. మీ లెక్క వేగమును మీరే సంపాదింపవలయును. రెండవది కలిగినప్పుడే మొదటిదానివలన ప్రయోజనము.

అభ్యాసములు

1. ఒక యంత్రము ఒక నిమిషమున 24 ఎత్తుల లోతు చూచును. అదే యంత్రమునకు 16 నిమిషములిచ్చినచో, ఈ పాఠములోని లెక్క ప్రకారము, ఎంత లోతు చూచును?

2. 150 వాట్లు వాడు కంప్యూటరు రాత్రికి 8 గంటల చొప్పున 25 రాత్రులు నడచినచో ఎన్ని యూనిట్లగును? మీ యింటి కరెంటు బిల్లులోని ధర ప్రకారము ఎన్ని రూపాయలగును?

3. మీ యింట గాని పాఠశాలయందు గాని యున్న కంప్యూటరు ప్రాసెసరు పేరు, కోరుల సంఖ్య, మెమొరీ యెంతో తెలిసికొని వ్రాయుడు. దానికి ఎన్ని థ్రెడ్లు, ఎంత హాష్ నియమింతురు?

4. మీరు ఓడిన ఆట నొకదానిని ఇంజను సహాయము లేక పరిశీలించి, ఓటమికి కారణమైన యెత్తును గుర్తించి వ్రాయుడు. ఆ పిదప మాత్రమే ఇంజనును అడిగి చూడుడు.